పిడికెడు బియ్యంలో దేవుని ప్రేమ
- ఇచ్చే గుణం నేర్పిన డోర్నకల్ ఆచారం
- పుచ్చుకున్న చేతులే పెట్టే చేతులైన వైనం
- కుండలో బియ్యం తగ్గినా ఇరుగు పొరుగు అవసరం తగ్గలేదు

డోర్నకల్ (మా విలేకరి): పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది. చేటలో బియ్యం ఏరుకున్న ఇల్లాలు అందులోంచి పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేస్తుంది. ఆ తర్వాతే మిగతా బియ్యం ఎసట్లో పడతాయి. కుండలో పడిన బియ్యం ఇక ఆ ఇంటివి కావు, దేవునివి. ఆదివారం నాడు వాటిని మూటగట్టి గుడికి తీసుకెళ్తారు. డోర్నకల్ చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల్లో తరాలుగా నడిచిన ఆచారమిది. కొన్ని ఇళ్ళలో నేటికీ సాగుతోంది.

దేవుని ప్రేమ గురించి ప్రసంగాలు ఎన్నో వింటాం. ఆ ప్రేమను రోజుకు రెండు పూటలా చేతితో తాకి చూసే వీలు కల్పించిన పద్ధతి మాత్రం ఇదే. చదువు రాని తల్లి కూడా తన బిడ్డకు ఈ పాఠం చెప్పగలదు. మనకు దొరికిన అన్నం దేవుడిచ్చింది, అందులో ఇంకొకరి పాలు ఉంది. పాఠం అంతే.

ఎవరీ అజరయ్య?

ఈ ప్రాంత సంఘాల్లో ఇచ్చే గుణాన్ని నాటిన వారిలో మొదట చెప్పుకోవలసిన పేరు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యది. ఆయన తెలుగువాడు కాదు. 1874లో తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతుల మీదుగానే సువార్త సాగాలన్న పట్టుదలతో 1903లో తిరునెల్వేలిలో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించిన వారిలో ఆయన ఒకరు. ఆ సంఘం ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో ఆయన స్వయంగా ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆనాటికి దొరలే బిషప్పులు. నల్లవాడు బిషప్ కావడం చాలామందికి మింగుడు పడలేదు. అంతకు రెండేళ్ళ ముందే, 1910లో స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన దొరల ముఖం మీదే ఒక మాట చెప్పారు. మీరు మాకు ధనం ఇచ్చారు, శ్రమ ఇచ్చారు, ఇక స్నేహం కూడా ఇవ్వండి అన్నది దాని సారాంశం. పైనుంచి జారవిడిచే దానం వేరు, పక్కన కూర్చోబెట్టుకునే ప్రేమ వేరు అని ఆయన ఆనాడే గుర్తించారు.

పేదవాడూ దాతే

ఆయన కాలంలో ఇక్కడ క్రైస్తవ మతం స్వీకరించిన వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. జీతాలు ఉన్నవారు, కూలికి పోయేవారు, గాసం గింజలతో పూట గడుపుకునేవారు. చేతిలో పైసా ఆడదు. అలాంటి వారి దగ్గర కానుక అడగడమేమిటన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

బిషప్ ఆలోచన మరో తీరుగా సాగింది. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని మనిషి ఎప్పటికీ తల ఎత్తుకోలేడని ఆయన నమ్మకం. క్రైస్తవుడు ఇవ్వవలసిన తీరు గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. డబ్బు లేని ఇంట బియ్యం ఉంటాయి. బస్తా ఇవ్వలేని వారు పిడికెడు ఇవ్వగలరు. తమిళ, మలయాళ క్రైస్తవుల్లో పిడికెడు బియ్యం ఆచారం ఉన్నదే. దూరాన ఉన్న మిజోరం కొండల్లోనూ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ నుంచి స్త్రీలు ఇలాగే బియ్యం తీసిపెడుతున్నారు. తెలుగు పల్లెల్లోనూ అది చక్కగా నాటుకుంది.

లెక్క వేస్తే ఇందులోని బలం తెలుస్తుంది. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములు అనుకుందాం. రెండు పూటలకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. 40 ఇళ్ళున్న వాడలో నెల తిరిగేసరికి 120 కిలోలు, అంటే క్వింటాలు దాటుతుంది. ఏ ఇంటికీ లోటు తెలియదు. ఒక ఉపదేశికి గాసం గడుస్తుంది, లేదా మగదిక్కు లేని నాలుగు ఇళ్ళకు పొయ్యి వెలుగుతుంది.

బైబిలు చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. మొదటి రాజుల గ్రంథం 17వ అధ్యాయంలో సారెపతు విధవరాలి కథ ఉంది. కరువు కాలంలో చివరి పట్టెడు పిండితో రొట్టె చేసుకుని తిని, ఆ తర్వాత తానూ కొడుకూ చావడమే అనుకున్న ఆ తల్లి, ముందుగా ఏలీయాకు పెట్టింది. లూకా సువార్త 21వ అధ్యాయంలో రెండు కాసులు వేసిన పేద విధవరాలిని యేసు ధనవంతులందరి కంటే మిన్నగా చూశాడు. ఎంత ఇచ్చారన్నది కాదు, ఎందులోంచి ఇచ్చారన్నదే అక్కడి లెక్క.

ఒకే పాత్ర, ఒకే బంతి

ప్రేమ బియ్యం దగ్గర ఆగిపోతే సగం పనే అయినట్లు. వాడల మధ్య గోడలు ఆనాడు గుడిలోకి కూడా వచ్చాయి. మాల, మాదిగ కుటుంబాలు ఒకరితో ఒకరు కూర్చోవడానికి, తినడానికి వెనుకాడేవి. ప్రభువు భోజనం ఒకే పాత్రలో తీసుకునేవారికి బయట వేర్వేరు బంతులు ఎందుకని బిషప్ పట్టుబట్టారు. ఆ పోరాటం ఒక్క తరంతో తీరిపోలేదు. ఈనాటికీ పెళ్ళి సంబంధాల దగ్గర, సమాధుల దొడ్డి దగ్గర కులం అడిగే సంఘాలు లేకపోలేదు. దేవుని ప్రేమ గురించి నోరారా పాడి, గుడి బయట పొరుగువాడి పలకరింపుకు ముఖం తిప్పుకుంటే ఆ పాటకు విలువేముంది?

1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ పెద్ద గుడి కూడా ఈ మాటే చెబుతుంది. దాని స్తంభాలు దేవాలయాన్ని, గుమ్మటాలు మసీదును గుర్తుకు తెస్తాయి. పరాయి దేశపు కట్టడంలా కాక ఈ నేల మీద మొలిచినట్లే ఉండాలన్నది ఆయన కోరిక. మత మార్పిడి విషయంలో 1930లలో గాంధీజీకి, ఆయనకు అభిప్రాయ భేదాలు వచ్చిన మాట నిజం. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా చెప్పిన వారిలో కూడా ఆయన ఉన్నారు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

కరువులో తేలిన నిజం

పెట్టే చెయ్యి ఏదైనా ఆశించి పెడితే అది ప్రేమ అనిపించుకోదు. ఇందుకు ఒంగోలు ప్రాంతపు చరిత్రే సాక్ష్యం. 1876-78 నాటి మహా కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలాది మందికి కూలి కల్పించారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవారికి ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు పని ముగిసేదాకా ఆపారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ కూడా కరువు రోజుల్లో జనానికి పని చూపించి, కూలికి బదులు తిండి పెట్టి పెద్ద గుడి కట్టించారు. అది 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. నేటికీ క్రిస్మస్ రోజున అక్కడికి అన్ని మతాల వారూ వస్తారు. ఆకలికి మతం లేదన్న సంగతి తాతల నాడే తెలిసినవారు మరి!

కల్లంలో పరిగె

గ్రామాల్లో కోత పండుగ వచ్చిందంటే గుడి సంతలా కనిపిస్తుంది. వడ్ల బస్తా తెచ్చేవారు, గుమ్మడికాయ తెచ్చేవారు, కోడిపుంజును చంకన పెట్టుకొచ్చేవారు కనిపిస్తారు. ఏమీ లేని అవ్వ కొంగున ఒక కోడిగుడ్డు తెస్తుంది. ఆరాధన ముగిశాక వేలం పాట జరుగుతుంది. ఆ గుడ్డును ఒకరు పాడి తిరిగి గుడికే ఇస్తే, మళ్ళీ ఇంకొకరు పాడతారు. అవ్వ గుడ్డుకు ఒక్కోసారి కోడి ధరకు మించి పలుకుతుంది.

మోషే ధర్మశాస్త్రంలో ఇంకో ఆజ్ఞ ఉంది. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయరాదు, రాలిన వెన్నులు ఏరుకోరాదు, అవి పేదలకు, పరదేశులకు విడవాలి. మన పల్లెల్లో దీన్నే పరిగె అంటాం. బోయజు పొలంలో రూతు ఏరుకున్నది ఆ పరిగెనే. ఈనాడు కోత యంత్రం దిగితే మడి గంటలో ఖాళీ. పరిగె ఏరే ముసలమ్మకు పొలంలో పని లేదు. ఆమె వాటా ఎక్కడికి పోయిందని అడిగేవారూ లేరు. యంత్రం వద్దనడం కుదరదు. ధాన్యం ఇల్లు చేరాక ఆమెకు నాలుగు మానికలు కొలిచి పోయడం మాత్రం కుదురుతుంది.

కూలి విషయమూ అంతే. కూలివాని కూలి తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోరాదని లేవీయకాండము 19వ అధ్యాయం ఆదేశిస్తోంది. ఆదివారం కానుక వేసి, సోమవారం కూలి ఎగవేసే రైతు ఏ దేవుని మెప్పించగలడు? గట్టు తగాదాలో ముందుగా మాట కలిపేవాడు, జ్వరంతో పడి ఉన్న ఇంటికి గంజి కాచి పంపే ఇల్లాలు, చావు ఇంట కట్టెలు మోసే యువకుడు, వీళ్ళంతా ప్రసంగం చెయ్యకుండానే సువార్త చెబుతున్నారు. మంచి సమరయుడు చేసిందీ అదే. దెబ్బతిన్నవాని కులం అడగలేదు, గాయం కట్టాడు.

కుండ బోర్లిస్తే?

ఇప్పుడు చాలా ఇళ్ళలో పిడికెడు బియ్యం కుండ కనిపించడం లేదు. కానుక నోట్లలోకి, అక్కడి నుంచి సెల్‌ఫోన్‌లోకి మారింది. గుడి ఖర్చులకు డబ్బే సులువు. రేషను బియ్యం వచ్చాక బియ్యానికి ఆనాటి విలువ లేదన్న మాటా వినిపిస్తోంది. అందులో కొంత నిజం ఉంది. కాని నెలకోసారి మీట నొక్కి పంపే డబ్బు ఇంటి యజమానికి మాత్రమే తెలుస్తుంది. పొయ్యి పక్కనున్న కుండ ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. తల్లి పిడికిలి కుండ మీద తెరుచుకోవడం చూసిన పిల్లవాడికి, ఇవ్వడమన్నది వేరే నేర్పనక్కరలేదు.

ఊళ్ళో ఒంటరి ముసలివారు పెరిగారు. పిల్లలు హైదరాబాదులోనో, ఇంకా దూరానో ఉన్నారు. బియ్యం ఉన్నా వండిపెట్టే చెయ్యి లేని ఇళ్ళు అనేకం. కనుక ఈ కాలానికి పిడికెడు బియ్యం అంటే ఒక పూట అన్నం గిన్నె కావచ్చు, ఆసుపత్రికి తోడు వెళ్ళే అరపూట సమయం కావచ్చు. సంఘాల స్త్రీల సమాజాలు పాత కుండను మళ్ళీ పొయ్యి పక్కకు చేర్చి, ఆదివారం పోగైన బియ్యంలో కొంత భాగాన్ని మతం చూడకుండా ఊళ్ళోని దిక్కులేని ఇళ్ళకు అందించే ఏర్పాటు చేస్తే ఎంతో బాగుంటుంది. కోత పండుగ నాటికైనా సంఘ పెద్దలు ఈ విషయం ఆలోచిస్తారని ఆశిద్దాం.