ఇంటి వైశాల్యము - వెలుపలి కొలత

ఇంటి పన్ను నిర్ణయించుటకో, విలువ కట్టుటకో వచ్చినవారు ఒక్కొక్కప్పుడు గడప దాటకుండగనే గోడల వెంబడి టేపు పట్టి, లెక్క వ్రాసికొని వెళ్ళుదురు. "లోపల చూడనివారికి మా ఇల్లెంతో ఎట్లు తెలియును?" అని గ్రామస్థులు సందేహించుట సహజము. లెక్క ఎక్కువైనచో ఆ భారము ఏటేటా ఇంటివారిపై పడును. తక్కువైనచో వీధిదీపములకు, మురుగు కాల్వలకు కావలసిన పంచాయతీ నిధి తరుగును. కావున ఈ కొలత సంగతి మనమందరము తెలిసికొనుట అవసరము.

గోడల వెలుపలి అంచులనుబట్టి కట్టిన లెక్కకు ప్లింతు వైశాల్యమని పేరు. ఇందులో గోడల మందము కూడ చేరియుండును. మనము మసలు చోటు ఇంతకంటె తక్కువ.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసికొందము. వెలుపల పొడవు 36 అడుగులు, వెడల్పు 24 అడుగులు అనుకొందము. ప్లింతు వైశాల్యము 864 చదరపు అడుగులు. గోడలు 9 అంగుళముల ఇటుక గోడలైనచో, రెండు వైపులకు కలిపి అడుగున్నర తగ్గించగా, లోపల సుమారు 776 చదరపు అడుగులు మిగులును. అవే అడుగున్నర మందముగల మట్టిగోడలైనచో 693 మాత్రమే. అడ్డుగోడలున్నచో అవి ఆక్రమించు చోటును కూడ తీసివేయవలెను.

చూరును గోడగా భావింపరాదు. పై ఇంటికి నాలుగు వైపుల రెండడుగుల చూరున్నచో కప్పు వైశాల్యము 1,120 చదరపు అడుగులగును. అనగా 256 అడుగులు అధికము. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకముతో గ్రామముల ఇండ్లను డ్రోనులతో చిత్రించు పద్ధతి వచ్చినది. పైనుండి కనుపించునది కప్పే గనుక, గోడల కొలతను నేలమీద సరిచూచుట మేలు.

మండువా లోగిలిలో ఆకాశము కనుపించు భాగమును తీసివేయవలెను. వసారాను విడిగా వ్రాయవలెను. మేడ యున్నచో ప్రతి అంతస్తును వేరుగా లెక్కించవలెను. ఇల్లు మూలమట్టముగ నున్నదా లేదా తెలియుటకు ఎదురెదురు మూలల నడుమ రెండు కొలతలు తీయవలెను. ఎదురెదురు గోడలు సమానమై, ఈ కొలతలు భిన్నమైనచో, పొడవు వెడల్పుల గుణకారము అసలు వైశాల్యముకంటె ఎక్కువ చూపును.

కోస్తాలోని చుట్టిండ్లకు గోడ చుట్టుకొలత చాలును. దానిని దానితోనే గుణించి, 7తో హెచ్చించి, 88తో భాగించవలెను. చుట్టుకొలత 44 అడుగులైనచో వైశాల్యము 154 చదరపు అడుగులు.

కొలత జరుగునపుడు ఇంటివారు దగ్గర నుండి, అంకెలను ఒక కాగితముపై గీసిన పటములో వ్రాసికొనవలెను. తాఖీదులోని అంకె దానితో సరిపడనిచో, ఆ పటమును జతపరచి పంచాయతీకి వ్రాతమూలకముగ విన్నవించుకొనవలెను. నోటిమాటకంటె టేపు చూపిన అంకెకు విలువ యెక్కువ.