చిన్న క్రియలు – పెద్ద అర్థములు

ఆంగ్లవాక్యమున ప్రధానక్రియకు ముందు నిలిచి, దాని భావమును మార్చు చిన్న మాటలు కొన్ని కలవు. కెన్, మే, మస్ట్, షుడ్, షల్ అనునవి అట్టివి. వీనిని సహాయక క్రియలందురు. నెమిలి, గుడియాత్తం, వేలూరు ప్రాంతముల మన పిల్లలు ఇంట తెలుగును, వీథిలో తమిళమును పలుకుచు బడిలో ఆంగ్లమును నేర్చుచున్నారు. వారికి ఈ మాటలు తరచుగా చిక్కు కలిగించును.

తెలుగున ఈ పనిని క్రియ చివర చేరు మాటలు నెరవేర్చును. “చేయగలడు” అనునది శక్తిని తెలుపును, అది కెన్. “చేయవలెను” అనునది విధి, అది మస్ట్. “చేయుట మంచిది” అనునది హితవు, అది షుడ్. “నీవు ఇంటికి వెళ్లవచ్చును” అనిన అనుమతి. “నేడు వాన రావచ్చును” అనిన ఊహ. మే అను మాటకును ఈ రెండర్థములు కలవు. తమిళమందలి “పోగలాం” అనునదియు ఇట్టిదే. కావున మన బిడ్డలకిది ఎరిగిన సంగతియే. పేరు మాత్రము కొత్తది.

వ్యతిరేకమున జాగ్రత్త వలయును. మస్ట్ నాట్ అనగా “కూడదు”. నీడ్ నాట్ అనగా “అక్కరలేదు”. “రేపు బడికి రాకూడదు”, “రేపు బడికి రానక్కరలేదు” అను వాక్యములను తెలుగున చెప్పి చూపినచో భేదము వెంటనే తెలియును.

ఈ భేదము పరీక్షలతో తీరునది కాదు. 1963 నాటి అధికార భాషల చట్టమున, 1965 తరువాతను హిందీతోపాటు ఆంగ్లము కొనసాగుటకు మే అను మాట వాడబడినది. కొనసాగవచ్చుననిన కొనసాగకపోవచ్చును గూడ గదా యని పలువురు శంకించిరి. అచట మే అనిన షల్ అనియే అర్థమని ప్రధాని నెహ్రూ సమాధానమిచ్చిరి. శంక తీరలేదు. 1967 నాటి సవరణలో, హిందీని అధికార భాషగా స్వీకరింపని రాష్ట్రములతో కేంద్రము జరుపు ఉత్తరప్రత్యుత్తరములకు ఆంగ్లమునే వాడవలెనని షల్ అను మాటతో వ్రాసిరి.

మన విషయమునను ఇట్లే. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని షల్ అను మాటతోనే చెప్పుచున్నది. విధింపబడినది యత్నమే యైనను, దానిని అడుగుటకు మనకు ఆ చిన్న మాటయే ఆధారము.

కావున బడినుండి వచ్చు ప్రకటనలను పిల్లలచే చదివింపుడు. అందలి మే యెచట “వచ్చును”, మస్ట్ యెచట “వలెను” అని వారిచేతనే తెలుగున చెప్పింపుడు. ఆంగ్లము రాని తల్లియు ఈ పాఠమును చెప్పగలదు.