ధ్వనికి ఆనకట్ట

పిల్లలూ! గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను మీలో చాలామంది చూసే వుంటారు. సర్ ఆర్థర్ కాటన్ దొర దాన్ని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. ఆ పాత ఆనకట్టకు బదులుగా కట్టిన బ్యారేజీ 1982లో పూర్తి అయింది. దానికి 175 గేట్లు వున్నాయి.

ఇన్ని గేట్లు దేనికి? గోదావరి ఏడాది పొడుగునా ఒకే తీరున పారదు. ఎండాకాలంలో ఇసుకతిన్నెల నడుమ సన్నగా పోతుంది. 1986 ఆగస్టు వరదలో మటుకు సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు ధవళేశ్వరం దాటిపోయింది! ఇంత తేడాను పంటకాలవ ఎలా తట్టుకుంటుంది? నీరు చాలకపోతే చేను ఎండుతుంది, ఎక్కువైతే గట్టు తెగుతుంది. అందుకని నీరు తక్కువగా వున్నప్పుడు గేట్లు దించి, మట్టం పెంచి, కాలవల్లోకి ఎక్కిస్తారు. వరద వచ్చినప్పుడు గేట్లు ఎత్తి సముద్రానికి వదిలేస్తారు. కాలవ మొదట్లో వుండే తలుపులు కూడా కాలవకు పట్టినంత నీటినే లోపలికి రానిస్తాయి.

సరిగ్గా ఇటువంటి పనే ధ్వనికి కూడా చేస్తారు. మీరు రేడియోలోనూ, సినిమాలోనూ, ఫోనులోనూ వినే పాటలు చాలామటుకు ఇలాంటి తలుపులు దాటి వచ్చినవే.

ధ్వని ఎంత పెద్దదో చెప్పటానికి డెసిబెల్ అనే కొలత వుంది. గుసగుస సుమారు 30 డెసిబెల్స్, మామూలు మాట 60, పెళ్ళిలో దగ్గరగా విన్న డోలు 100 వుంటాయి. 30కీ 100కీ తేడా కొంచెమే అనుకునేరు! డెసిబెల్ లెక్కలో ప్రతి 10కీ ధ్వనిశక్తి పదిరెట్లు అవుతుంది. కనుక గుసగుస కన్న డోలు శక్తి కోటిరెట్లు!

మన చెవి ఈ తేడాను పట్టుకోగలదు. యంత్రం దగ్గరే చిక్కు. పూర్వపు గ్రామఫోను రికార్డు మీద పాట అంతా సన్నని గాడిలో వుండేది. ధ్వని పెద్దదైతే గాడి అటూ ఇటూ ఎక్కువగా వంకర తిరిగి పక్కగాడిని తాకేది. మరీ చిన్నదైతే ముల్లు గీరుకునే బరబరలో మునిగిపోయేది. తరవాత వచ్చిన సి.డి.లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఆ కొలబద్దకు 65,536 మెట్లున్నాయి. పై మెట్టుకు మించిన ధ్వనికి అంకే లేదు! దాని తల అక్కడికక్కడే తెగి, పాట చిరిగినట్టు వినిపిస్తుంది.

మరి ఏం చేయాలి? అన్నిటికన్న పాత ఉపాయం దూరం. ధవళేశ్వరానికి పక్కనే వున్న రాజమండ్రిలో నిడమర్తి సూరయ్యగారు 1936లో దుర్గా సినీటోన్ అనే స్టూడియో కట్టారు. తెలుగునాట సినిమా స్టూడియోలకు అదే మొదలు. ఆ కాలపు చిత్రాలలో నటులే పాడుతూ నటించేవారు. మైకుకు దూరం రెట్టింపు అయితే దానికి చేరే శక్తి నాలుగో వంతు అవుతుంది. అందుకే అనుభవం గల గాయకులు ఇప్పటికీ పైస్థాయి అందుకునేటప్పుడు మైకునుంచి కాస్త వెనక్కు జరుగుతారు.

రెండో ఉపాయం కంప్రెసర్ అనే సాధనం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కంప్రెసర్‌కు కూడా అలాగే ఒక గుర్తు పెడతారు. ధ్వని ఆ గుర్తుకు లోపల వున్నంతసేపూ అది ఏమీ చేయదు. దాటితే మటుకు అణచటం మొదలుపెడుతుంది. ఎంత అణచాలో కూడా మనమే చెప్పవచ్చు. నాలుగుకు ఒకటి అని పెడితే, గుర్తు దాటి 8 డెసిబెల్స్ పైకి పోయిన ధ్వని 2 డెసిబెల్స్ మాత్రమే పైకి పోతుంది. అప్పుడు పాటనంతా కలిపి కాస్త పెంచవచ్చు. గుసగుసలు కూడా తేటగా వినిపిస్తాయి.

ఇందులో వేగం కూడా ముఖ్యమే. తలుపు మరీ త్వరగా పడితే డోలు మీద తొలిదెబ్బే చచ్చిపోతుంది. ఆలస్యంగా పడితే ఆ దెబ్బ కాస్తా దాటిపోతుంది. గాత్రానికీ, వీణకూ, డోలుకూ ఇలా విడివిడిగా అమర్చి, అన్నిటినీ కలపటమే మిక్సింగ్. కలిసిన పాటను చివరిసారి సరిచూసి బయటికి పంపటం మాస్టరింగ్. అక్కడ లిమిటర్ అనే కాపలాదారు వుంటాడు. అతను గీత దాటి దేన్నీ పోనివ్వడు.

అయితే ఏ మంచిపనైనా మితిమీరితే చెరుపే. తమ పాటే అందరికన్న బిగ్గరగా వినిపించాలని 1990 తరవాత పాటలు చేసేవారి మధ్య పోటీ ముదిరింది. పాటలో పైకి లేచిన చోటులన్నీ అణచి, మిగతా అంతా పైకి లేపారు. దాంతో గుసగుసకూ కేకకూ తేడా పోయింది. అటువంటి పాట మొదట హుషారుగానే వుంటుంది, కొంచెంసేపటికే చెవికి అలసట తెస్తుంది. మెల్లగా పాడిన చరణం వుంటేనే గదా, ఆ తరవాత ఎత్తుకున్న పల్లవికి అందం! గోదావరి డెల్టా సంగతీ అంతే. ఆ సారవంతమైన నేలంతా వరదలు తెచ్చిన ఒండ్రే. వరదను అదుపులో పెట్టాలి గాని, నదికి పొంగే లేకుండా చేస్తే ఎలా?

ఇప్పుడు ఈ పోటీకి కొంత అడ్డు పడింది. చెవికి ఎంత బిగ్గరగా తోస్తుందో కొలిచే పద్ధతిని 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ప్రకటించింది. ఫోనులో పాటలు వినిపించే పెద్ద సంస్థలు అటువంటి కొలతతో, మరీ బిగ్గరగా చేసిన పాటను తామే తగ్గించి వినిపిస్తున్నాయి. ఇక గొంతు చించుకుని లాభమేముంది?

మీరూ ఒక పరీక్ష చేయండి. పెద్దల ఫోను అడిగి తీసుకుని, మాటలు రికార్డు చేసే చోట ఒక వాక్యం మెల్లగా చదవండి. వెంటనే గట్టిగా ఒక చప్పట్లు కొట్టి, మళ్ళీ మెల్లగా చదవండి. తరవాత వినండి. చాలా ఫోన్లలో ధ్వనిని తనంతట తానే సవరించే ఏర్పాటు వుంటుంది. అలాంటి ఫోనైతే చప్పట్ల తరవాత మీ గొంతు ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ మెల్లగా పైకి రావచ్చు. తలుపు పడి, తిరిగి లేవటం మీ చెవులతోనే వింటారన్నమాట! తరవాత ఫోనును జానెడు దూరంలోనూ, రెండు జానల దూరంలోనూ పెట్టి అదే వాక్యం చదివి చూడండి. తేడా ఎందుకు వచ్చిందో మీ తమ్ముడికో చెల్లెలికో మీరే చెప్పగలరు.