అధ్యాయ సంగ్రహము - విద్యార్థి పఠనమున దాని స్థానము

ఒక గ్రంథమునందలి అధ్యాయమును చదివి దాని సారమును కొలది మాటలలో వ్రాసికొనుట విద్యార్థులకు చిరకాలముగ నలవాటయిన పని. దీనిని సారాంశమనియు, సంక్షేపమనియు, సంగ్రహమనియు వ్యవహరించుచున్నారు. పేరేదైనను పని యొక్కటే. అయినను ఆ పనిని ఎట్లు చేయవలెనో ప్రత్యేకముగ బోధించుట అరుదు. అందుచే పెక్కుమంది విద్యార్థులు మూలమున గీత గీచిన వాక్యములను వరుసగ నెత్తి వ్రాసి, అదియే సంగ్రహమని భావించుచున్నారు. మరికొందరు అంగడిలో దొరకు గైడునో, ఇటీవల యంత్రము క్షణకాలమున కూర్చి యిచ్చు సారాంశమునో ఆశ్రయించుచున్నారు. సంగ్రహ మెప్పుడు విద్యార్థికి తోడ్పడును, ఎప్పుడు కీడు చేయును అను విషయమును, ముఖ్యముగ నొక్క అధ్యాయము నుదాహరణముగ గైకొని, ఈ వ్యాసమున పరిశీలింప నెంచితిమి.

సంగ్రహము మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. వ్యాసభారతమున ఆదిపర్వారంభమునందే అనుక్రమణికా పర్వము, పర్వసంగ్రహ పర్వము కలవు. వాల్మీకి రామాయణమున బాలకాండ ప్రథమసర్గమే సంక్షేప రామాయణము. ఈ రెండవదానియందు మనము గమనింపదగిన విశేష మొకటి కలదు. సద్గుణములన్నియు గల పురుషుడు లోకమున నెవ్వడని వాల్మీకి యడిగిన ప్రశ్నకు నారదుడిచ్చిన సమాధానమే ఆ సంక్షేపము. ప్రశ్న ముందు, కథ తరువాత. ప్రశ్న యున్నచో దేనిని గ్రహింపవలెనో, దేనిని విడువవలెనో తెలియును. ప్రశ్న లేనిచో అన్ని వాక్యములును సమానముగనే కనబడును.

తెలుగువాడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు న్యాయ వైశేషిక విషయములను బాలుర కొరకు తర్కసంగ్రహముగ కూర్చెను. పిదప దానికి తానే దీపిక యను వ్యాఖ్యను వ్రాసెను. సంగ్రహకర్తయే తన సంగ్రహమును విప్పి చెప్పెననుట ఆలోచింపదగిన సంగతి. సంగ్రహము విస్తరమునకు మారు కాదు. విస్తరములోనికి బోవు ద్వారము మాత్రమే.

ఇక ప్రస్తుతోదాహరణము. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అందు పది పరిచ్ఛేదములు కలవు. రెండవదియైన సంధి పరిచ్ఛేదమును సంగ్రహింపుమన్నచో విద్యార్థి సాధారణముగ నిట్లు వ్రాయును: ఉత్వసంధి నిత్యము; ఇత్వసంధి వైకల్పికము; అత్వసంధి బహుళము. ఇది కంఠస్థము చేయుటకు మిక్కిలి సులభము. కాని దీనిని ప్రయోగములపై పరీక్షించి చూతము.

ఇత్తు విషయమున సూరి యొకే విధిని చెప్పలేదు. ఏమ్యాదులయందు సంధి వైకల్పికము: ఏమి + అంటివి అనునది ఏమంటివి యనియు, ఏమియంటివి యనియు నగును. క్రియాపదములయందును అంతియే: వచ్చిరపుడు, వచ్చిరియపుడు. కాని మధ్యమపురుష క్రియలయందు సంధి నిత్యము: ఏలితివి + ఇపుడు అనునది ఏలితివిపుడు. క్త్వార్థకమైన ఇత్తునకో, సంధియే లేదు: వచ్చి + ఇచ్చెను అనునది వచ్చియిచ్చెను అనియే యుండును. ఇత్వసంధి వైకల్పికమని మాత్రమే నేర్చిన విద్యార్థి ‘వచ్చిచ్చెను’ అనునది కూడ సాధువే యని వ్రాసినచో దోషమెవ్వరిది? వాని సంగ్రహము వానికి చెప్పినదానినే వాడు చేసెను. ఉత్తు నందును ఇట్టి విశేషమే కలదు. రాముడు + అతడు అనుచోట సంధి నిత్యమే యైనను, ప్రథమేతర విభక్తులయందలి ఉకారమునకు అది వైకల్పికము. కావున నన్నడిగెను, నన్నునడిగెను అను రెండును సాధువులు. పై సంగ్రహమున పోయినవి పనికిరాని మాటలు కావు. శాస్త్రమునకు ప్రాణమైన నియమములే పోయినవి.

అట్లని సూత్రములన్నిటిని మరల వ్రాసినచో అది సంగ్రహమే కాదు. మరి మార్గమేమి? అధ్యాయము సమాధానమిచ్చు ప్రశ్నను ముందుగ కనుగొనవలెను. ఈ పరిచ్ఛేదమున ప్రధానముగ రెండు ప్రశ్నలున్నవి: పదమునకు అచ్చు పరమైనపుడేమగును? హల్లు పరమైనపుడేమగును? మొదటి ప్రశ్నకు సమాధానము నాలుగు తెరగులు: పూర్వాచ్చు తప్పక తొలగుట, తొలగుటయు నిలుచుటయు రెండును కలుగుట, తొలగకుండుట, బహుళము. అత్తు నందలి బహుళము పై మూడింటిని తనలో నిముడ్చుకొని, ఒకానొక వంటి అన్యకార్యమునకును చోటిచ్చును. సంధి లేనిచోట రెండచ్చుల నడుమ యడాగమము వచ్చును: మాయమ్మ, వచ్చియిచ్చెను. ద్రుతాంతములైనచో నకారము నిలుచును. రెండవ ప్రశ్న క్రిందికి ద్రుతము మీది సరళాదేశము, ప్రథమ మీది గసడదవాదేశము మొదలగునవి చేరును. ఈ నాలుగు తెరగుల క్రింద ఒక్కొక్క నియమమును, దానికొక్క ఉదాహరణమును వ్రాసికొన్నచో అధ్యాయమంతయు ఒక్క పుటలో నిముడును. పుట తగ్గినను సూత్రముల నడుమ గల సంబంధము తగ్గదు. పైగా, మూలమున వేరువేరుగ నున్న సూత్రములు ఒకదాని కొకటి యేమగునో స్పష్టమగును.

ఈ భేదమునే ఆధునిక పరిశోధకులును గుర్తించిరి. ఆన్ బ్రౌన్, జీన్ డే అనువారు 1983లో ప్రకటించిన పరిశోధనమున, అప్రధానమును విడుచుట పిన్నవయస్సు విద్యార్థులకు సైతము సాధ్యమనియు, మూలమున స్పష్టముగ చెప్పబడని ప్రధాన వాక్యమును స్వయముగ కల్పించుట మిక్కిలి కష్టమనియు తేలినది. పైన చెప్పిన నాలుగు తెరగులను విద్యార్థి కనుగొనుట అట్టి కల్పనమే. 2013లో జాన్ డన్‌లాస్కీ ప్రభృతులు పది పఠన పద్ధతులను సమీక్షించి సంగ్రహ రచనకు తక్కువ స్థానము నిచ్చిరి. శిక్షణ లేనిచో పెక్కుమంది దానిని సరిగ చేయలేకపోవుట అందుకొక ముఖ్య కారణము. తన్ను తాను పరీక్షించుకొనుటకు, కాలవ్యవధి నిచ్చి మరల మరల అభ్యసించుటకు వారు ఉన్నత స్థానము నిచ్చిరి. అంతకు ముందే 2006లో రోడిగర్, కార్పిక్ అనువారు చేసిన ప్రయోగములయందు, పాఠమును మరల చదివినవారు ఐదు నిమిషముల తరువాత మెరుగుగ జ్ఞాపకముంచుకొనిరి. కాని వారము గడచిన పిదప, చదువుట మాని జ్ఞప్తికి దెచ్చుకొని వ్రాసినవారే మించిరి.

ఈ ఫలితములనుబట్టి సంగ్రహమును విడువవలెనని మేము తలపము. దానిని చేయు క్రమమును మార్చవలెనని తలతుము. గ్రంథమును తెరచి యుంచి వ్రాయుట ఎత్తివ్రాతయగును. అధ్యాయమును చదివి, గ్రంథమును మూసి, ప్రశ్నను తలచుకొని వ్రాయవలెను. పిమ్మట మూలముతో సరిచూచి, తప్పిన నియమమును వేరు సిరాతో చేర్చవలెను. కొన్ని దినముల తరువాత ఆ పుటను మాత్రమే ముందుంచుకొని, అధ్యాయమును నోటితో విస్తరించి చెప్పి చూడవలెను. చెప్పలేక ఆగినచోటు ఎచ్చటనో, అచ్చటికే మరల మూలమున పోవలెను. వైకల్పికము, బహుళము, ప్రాయికము వంటి చిన్న మాటలను ఎన్నడును విడువరాదు. శాస్త్రమున భారమంతయు తరచుగ నట్టి మాటలపైననే యుండును.

కావ్యభాగముల విషయము కొంత వేరు. ఒక ఆశ్వాసమునందలి కథను పది వాక్యములలో చెప్పవచ్చును గాని, ఆ పది వాక్యములలో కావ్యముండదు. కావున అచ్చట కథాసంగ్రహము పద్యములను వెదకికొనుటకు దారి చూపు పట్టిక వంటిది మాత్రమే. పద్యమును పద్యముగనే చదువవలెను.

ఇతరులు చేసిన సంగ్రహము, అది గైడైనను యంత్రముదైనను, నిర్దుష్టమే కావచ్చును. అయినను ఏది ప్రధానము, ఏది కాదు అని నిర్ణయించు శ్రమ అందు మరియొకరిది. ఆ నిర్ణయమునందే విద్యార్థికి శాస్త్రముతో పరిచయము కలుగుచున్నది. ఫలమును చేతికిచ్చి శ్రమను తొలగించునది పరీక్షకు పనికివచ్చిన వచ్చుగాక, విద్యకు పనికిరాదు. అధ్యాపకులు సంగ్రహములను చెప్పి వ్రాయించుట తగ్గించి, సంవత్సరమున కొన్ని అధ్యాయములనైనను విద్యార్థులచేత సంగ్రహింపజేసి, వానిలో ఏమి పోయినదో, ఎందుకు పోరాదో తరగతిలో చర్చించినచో, మూలగ్రంథ పఠనము మన కళాశాలలలో మరల స్థిరపడునని మా విశ్వాసము.