మధ్యాహ్నానికి శ్రుతి తప్పిన యంత్రం

సువర్ణరేఖా నదికి ఆవలి ఒడ్డున, జంషెడ్‌పూర్‌ను ఆనుకొని ఉన్న మాంగోలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం వింత కాదు. మా మేడగదిలో నేను స్వయంగా కూర్చుకున్న సింథసైజర్ మాత్రం ఆ ఎండకు తాళలేకపోయింది. ఉదయం తంబురాతో కలిపి షడ్జం పలికించాను. భోజనం ముగించుకొని వచ్చి అదే మీట నొక్కితే, పై స్థాయి షడ్జాన్ని సైతం దాటిపోయి కీచుమన్నది!

ఎవరికైనా ముందు తోచే కారణమే నాకూ తోచింది: కరెంటు హెచ్చుతగ్గులు. మల్టీమీటరు పెట్టి చూస్తే రెగ్యులేటరు నుండి వచ్చే 12 వోల్టులు ఉదయం ఎట్లా ఉన్నవో మధ్యాహ్నమూ అట్లాగే ఉన్నవి. నిర్దోషిని నిందించానన్నమాట.

ఈ యంత్రానికి గుండెకాయ ఆసిలేటరు. అందులో ఒక కెపాసిటరు కొద్దికొద్దిగా విద్యుత్తును నింపుకొంటుంది, హద్దు చేరగానే ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, మళ్లీ నింపుకొంటుంది. సెకనుకు 440 సార్లు ఇట్లా జరిగితే ఒక స్వరం, 880 సార్లు జరిగితే దానికి పై స్థాయి స్వరం. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ రూపొందించిన సింథసైజరులో ఒక్కొక్క వోల్టు పెరిగినకొద్దీ నాదం ఒక్కొక్క స్థాయి పైకి పోతుంది. మన దేశంలో 1969లోనే అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ యంత్రం నెలకొన్నది. నేనూ ఆ పద్ధతినే అనుసరించాను.

వోల్టుకు రెట్టింపు అనే ఈ గుణకారాన్ని నిర్వహించేది ఒక చిన్న ట్రాన్సిస్టరు. చిక్కంతా అక్కడనే ఉన్నది.

సాక్చీ బజారులో కొన్న సిరామిక్ కెపాసిటరును అనుమానించి, దానిని తీసి పాలిస్టైరీన్ రకం అతికించాను, ఫలితం స్వల్పం. విసుగెత్తి ట్రాన్సిస్టరుపై వేలు ఆనించాను. నాదం వెంటనే పైకి ఎగబ్రాకింది! దొంగ దొరికాడు.

ట్రాన్సిస్టరు బేసు వద్ద సుమారు 18 మిల్లీవోల్టులు మారితే చాలు, నాదం ఒక స్థాయి మారుతుంది. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే, 2 మిల్లీవోల్టులు పెంచినంత పని తనంతట తానే జరిగిపోతుంది. అంటే అంతర గాంధారం మీట నొక్కినవాడికి శుద్ధ మధ్యమాన్ని దాటిన నాదం వినిపిస్తుంది. పది డిగ్రీలు పెరిగితే ఒక స్థాయికి పైమాటే. నా షడ్జం ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

దీనికి మందు ట్రాన్సిస్టర్ల జంట. ఒకటి వేడికి ఎటు పోతే రెండవది దానిని అటు పోనీయకుండా పట్టి నిలుపుతుంది. డజను ట్రాన్సిస్టర్లలో ఒకే కరెంటుకు ఒకే వోల్టేజి చూపిన రెండింటిని ఏరి, చదును ముఖాలు కలిపి అతికి, రాగిరేకు చుట్టాను. షడ్జం నిలిచింది. కాని తీరా పైకి పోతే స్వరాలు దిగిపోతున్నవి. స్థాయి నిడివి డిగ్రీకి నూటికి మూడోవంతు చొప్పున కుంచించుకుపోతున్నది. పది డిగ్రీలకు, మూడు స్థాయిలు దాటేసరికి, ఒక స్వరస్థానం కంటె ఎక్కువే లోటు.

ఈ లోటు తీర్చటానికి, వేడితోపాటు అదే పాళ్లలో నిరోధం పెరిగే ప్రత్యేక రెసిస్టరు కావాలి. అది నాకు దొరకలేదు. కాని రాగితీగ నిరోధం డిగ్రీకి నూటికి 0.39 వంతు పెరుగుతుంది. పాత రిలేలోని తీగచుట్టను విప్పకుండానే తీసి, మొత్తం నిరోధంలో 85 పాళ్లు అది, 15 పాళ్లు మామూలు రెసిస్టరు ఉండేటట్లు కలిపి, బేసుకూ భూమికీ నడుమ అమర్చాను. పెరుగుదల సరిగా 0.33కు దిగింది. పారవేయవలసిన వస్తువు ఇంత పని చేస్తుందని నేననుకోలేదు.

తీగచుట్ట లావుగా ఉన్నందున వేడి దానికి నెమ్మదిగా పాకుతుంది. స్విచ్చి వేసిన పావుగంట దాకా యంత్రాన్ని ముట్టను. ఆ తరువాత మధ్యాహ్నం రెండు గంటలకు తంబురా పక్కన షడ్జం పలికిస్తే, రెండు నాదాల నడుమ అల ఒకటి బహు నిదానంగా లేచి పడుతుంది.