జింకపై తూటా.. అక్కడ లైసెన్స్, ఇక్కడ జైలు!

కోటప్పకొండ జింకల పార్కులో ఫొటోలు దిగుతాం. అదే అడవిలో జింకను కాలిస్తే? మన దేశంలో అది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కృష్ణజింకను వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా.

అమెరికాలో లైసెన్స్ ఉంటే వేటకు ఓకే. కానీ ఏ తూటా పడితే అది వాడితే కుదరదు. కొలరాడోలో రైఫిల్ కాలిబర్ కనీసం 6 మి.మీ. ఉండాలి. బుల్లెట్ బరువు జింకకు 70 గ్రెయిన్లు, భారీగా ఉండే ఎల్క్‌కు 85 గ్రెయిన్లకు తగ్గకూడదు. తగిలాక విచ్చుకునే రకమే వాడాలి.

ఎందుకంటే.. చిన్న తూటాతో జంతువు వెంటనే చావదు. గాయంతో పారిపోయి నరకం చూస్తుంది.

అక్కడ వేటకెళ్లే మనవాళ్లూ జాగ్రత్త! ఇండియాకొచ్చేటప్పుడు బ్యాగులో ఒక్క తూటా మిగిలినా ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు తప్పకపోవచ్చు.