మాంసపు కోళ్ళ మేతలో మిథియొనిన్, లైసిన్

మాంసముకొరకు కోళ్ళను పెంచుచు దాణాను స్వయముగా కలుపుకొను రైతులు కొందరు, మేతలో మాంసకృత్తులు నూటికి ఎంత ఉన్నవో చూచుకొని తృప్తిపడుచున్నారు. పిల్లలు ఎదుగనిచో మరికొంత వేరుసెనగ చెక్క కలుపుచున్నారు. ఖర్చు పెరుగును గాని బరువు అంతగా పెరుగదు. కారణమేమి?

మాంసకృత్తులనగా అమైనో ఆమ్లముల కూర్పు. వీనిలో కొన్నిటిని కోడి తన శరీరములో తయారుచేసికొనజాలదు. అవి మేతలోనే అందవలెను. వానిలో ఏ ఒక్కటి తక్కువైనను, మిగిలినవి ఎంత ఉన్నను, కండ ఆ కొరతకు లోబడియే పెరుగును. జోడెడ్లలో ఒకటి కుంటినచో బండి కుంటి ఎద్దు నడకనే నడచును గదా! వాడుకకు రాని మాంసకృత్తులు యూరిక్ ఆమ్లముగా మారి రెట్టలో పోవును. షెడ్డులో పరచిన ఊక చెమ్మగిల్లుటకు, అమ్మోనియా ఘాటు పుట్టుటకు ఇదియు నొక కారణము.

ఒక లెక్క చూతము. నూరు కిలోల దాణాలో మొక్కజొన్న 55 కిలోలు, సోయా చెక్క 40 కిలోలు, తక్కిన 5 కిలోలు నూనె, ఖనిజములు, విటమినులు అనుకొనుడు. ఇందు మాంసకృత్తులు సుమారు 22 కిలోలు, లైసిన్ 1,200 గ్రాములు, మిథియొనిన్ 350 గ్రాములు ఉండును. మొదటి మూడు వారముల పిల్లలకు నూరు కిలోల మేతలో లైసిన్ 1,100 గ్రాములు, మిథియొనిన్ 500 గ్రాములు ఉండవలెనని అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1994లో ప్రకటించినది. లైసిన్ సరిపోయినది, మిథియొనిన్ 150 గ్రాములు తక్కువ. ఇక సోయాకు బదులు గానుగ వేరుసెనగ చెక్క అంతే తూకము వేసినచో మాంసకృత్తులు దాదాపు అంతే ఉండును గాని, లైసిన్ 650 గ్రాములకు పడిపోవును! మిథియొనిన్ కూడ 280కి దిగును. చవుకగా దొరికినదని వేరుసెనగ చెక్కతోనే సరిపెట్టువారు దీనిని గమనింపవలెను. (బూజు పట్టిన చెక్కలోని అఫ్లటాక్సిన్ విషము సంగతి వేరు. 1960లో ఇంగ్లండులో లక్షకుపైగా టర్కీ కోళ్ళు చచ్చినది దానివలననే.)

నువ్వుల చెక్కలో మిథియొనిన్ మెండు, లైసిన్ తక్కువ. కావున అది సోయాకు మంచి జోడు. చేపల పొడిలో రెండును ఉండును గాని ఇసుక, ఉప్పు కలసిన సరకు వచ్చుట కద్దు. తక్కిన కొరతను బజారులో దొరకు మిథియొనిన్, లైసిన్ పొడులతో తీర్చుకొనవచ్చును. లైసిన్ పొడి ఉప్పు రూపమున వచ్చును. అందు అసలు లైసిన్ నూటికి సుమారు 78 వంతులే. 450 గ్రాముల కొరతకు సుమారు 580 గ్రాముల పొడి వేయవలసియుండును.

ఈ పొడులను నేరుగా దాణా గుట్టపై చల్లరాదు. ముందు కిలో మొక్కజొన్న పిండిలో, తరువాత పది కిలోలలో, ఆపైన మొత్తములో కలుపవలెను. మిథియొనిన్ మితిమీరినచో కోళ్ళు మేత తగ్గించి ఎదుగుదల కుంటుపడును. మంచి కంపెనీ దాణా మేపువారు మరల కలుపనక్కరలేదు. అందు ముందే చేర్చియుందురు.